డిస్క్ జారింది, కాలు లాగుతోంది: ఎండోస్కోపీ ఎవరికి, ఎప్పుడు?

కిందటి సంచికలో నడుము డిస్క్ (పూసల మధ్య మెత్తలా ఉండేది) గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో చాలామంది అడిగింది ఒకటే: 'చిన్న రంధ్రం పెట్టి, లోపలికి కెమెరా పంపి ఎండోస్కోపీతో చేసేస్తారట కదా, మేమూ చేయించుకోవచ్చా?' వాటిలో కొన్నింటికి ఈసారి జవాబిస్తున్నాను. మొదటి ఉత్తరం అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. అయినా దాన్నే ముందు వేయమని పట్టుబట్టాను. మిగతావి చదివే తీరిక లేనివాళ్లు ఇదొక్కటైనా చదవండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా వారికి 46 ఏళ్లు. ఆరు నెలలుగా నడుము నొప్పి, కుడి కాలు లాగడం ఉంది. మందులు వాడుతున్నారు. వారం కిందట బరువు ఎత్తినప్పటి నుంచి రెండు కాళ్లూ లాగుతున్నాయి. మొన్నటి నుంచి మూత్రం వెంటనే రావడం లేదు, వచ్చినా ధార సన్నగా ఉంటోంది. కూర్చుంటే కింద మొద్దుగా ఉందంటున్నారు. నొప్పి మాత్రం ముందుకంటే కాస్త తగ్గింది. ఆయనకు ఆపరేషన్ అంటే చాలా భయం. ఎండోస్కోపీ అయితేనే ఒప్పుకుంటానంటున్నారు. మీ సలహా కోసం ఎదురుచూస్తుంటాం.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందగానే పత్రిక వాళ్లు నాకు చదివి వినిపించారు, నేను ఆ రోజే మీకు ఫోన్ చేశాను. ఆ తర్వాతి విషయాలు మీ కుటుంబానివి, ఇక్కడ రాయను. ఈ ఉత్తరం వేసుకోవడానికి మీరు ఒప్పుకున్నారు, దానికి కృతజ్ఞతలు. మిగతా పాఠకులు తెలుసుకోవాల్సింది మాత్రం చెబుతాను.

వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి నరాలు ఒక కట్టగా దిగుతాయి. కాళ్లకు వెళ్లే నరాలతో పాటు మూత్రాశయానికి, మలద్వారానికి, జననాంగాలకు వెళ్లే నరాలు కూడా ఆ కట్టలోనే ఉంటాయి. పెద్ద డిస్క్ ముక్క జారి ఆ కట్ట మొత్తాన్ని నొక్కేస్తే వచ్చే పరిస్థితిని కాడా ఈక్వైనా సిండ్రోమ్ అంటారు. అరుదుగానే వస్తుంది, కానీ వచ్చిందంటే గంటలు లెక్కపెట్టుకోవాల్సిందే. మూత్రం ఆగి ఆగి రావడం, పూర్తిగా ఆగిపోవడం, తెలియకుండానే పోవడం. మలం మీద పట్టు తప్పడం. కూర్చున్నప్పుడు కుర్చీకి తగిలే భాగమంతా మొద్దుబారడం. రెండు కాళ్లూ ఒకేసారి లాగడం లేదా బలం తగ్గడం. నడుము నొప్పి ఉన్నవారిలో వీటిలో ఏ ఒక్కటి కొత్తగా కనిపించినా, అర్ధరాత్రయినా సరే, ఎంఆర్‌ఐ సౌకర్యం, వెన్నెముక సర్జన్ ఉన్న ఆసుపత్రిలో ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఉదయం చూద్దామనుకోకూడదు.

నొప్పి తగ్గిందని మీరు రాసిన మాట చదివి నాకు ఇంకా కంగారు పుట్టింది. నరం పనిచేయడం మానేసినా నొప్పి తగ్గినట్టే ఉంటుంది. ఇలాంటప్పుడు ఏ పద్ధతిలో చేస్తారన్నది సర్జన్‌కే వదిలేయాలి. నరాలను ఎంత త్వరగా, ఎంత పూర్తిగా విడిపించగలం అన్నదొక్కటే ఆయన చూస్తారు. అందుకు నడుము తెరిచి చేయాల్సి వస్తే తెరిచే చేస్తారు. 'ఎండోస్కోపీ అయితేనే' అని షరతు పెట్టే సమయం అది కాదు. ఆలస్యమైతే మూత్రం మీద పట్టు ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చు.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. టీచర్‌ని, రోజంతా నిలబడే పని. తొమ్మిది వారాలుగా ఎడమ పిరుదు నుంచి తొడ వెనక భాగం, పిక్క మీదుగా చిటికెన వేలిదాకా ఒకటే లాగుడు. నడుములో నొప్పి అంతగా లేదు. ఎంఆర్‌ఐలో ఎల్‌5-ఎస్‌1 దగ్గర డిస్క్ ఎక్స్‌ట్రూజన్ అని వచ్చింది. ఒక డాక్టర్ గారు ఆగండి, అదే తగ్గుతుందన్నారు. ఇంకొకరు ఎండోస్కోపీ చేస్తాను, మర్నాడే ఇంటికి వెళ్లిపోవచ్చన్నారు. ఎవరి మాట వినాలి? మైక్రోస్కోప్‌తో చేసేదానికంటే ఎండోస్కోపీ మంచిదా? రాత్రిళ్లు నిద్ర లేదు, టెన్షన్‌తో పిచ్చెక్కుతోంది.

జవాబు: అమ్మా, మీకు వచ్చిన రెండు సలహాలూ సరైనవే. ఆగితే ప్రమాదమా అన్నదాని గురించి మొదటివారు చెప్పారు. ఈ బాధ త్వరగా పోయే మార్గం ఉందా అన్నదాని గురించి రెండోవారు చెప్పారు. మీరు ఆ రెండింటినీ కలిపి చూసుకోవాలి.

ముందుగా మీ ఉత్తరంలో నాకు నచ్చిన విషయం. నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వెళ్తోందో వేలుపెట్టి చూపించినట్టు రాశారు. పిరుదు, తొడ వెనక, పిక్క, పాదం బయటి అంచు, చిటికెన వేలు: ఇది ఎస్‌1 నరం దారి. ఎల్‌5-ఎస్‌1 (నడుము చివరి పూస, దాని కిందున్న త్రికాస్థి) మధ్య డిస్క్ జారితే మామూలుగా నొక్కుకుపోయేది ఆ నరమే. అంటే మీ కాలు చెబుతున్నదీ ఎంఆర్‌ఐ చెబుతున్నదీ ఒకటే. డిస్క్ ఆపరేషన్ వల్ల మేలు జరుగుతుందా లేదా అన్నది చాలావరకు ఈ పొంతన మీదే ఆధారపడుతుంది. నొప్పి పిక్క బయటి వైపు నుంచి పాదం పైభాగానికి, బొటనవేలికి వెళ్తూ, రిపోర్టులో మాత్రం ఎల్‌5-ఎస్‌1 అని ఉంటే, ఏ సర్జనైనా ఆగి మళ్లీ ఆలోచించాలి. ఎందుకంటే అది ఎల్‌5 నరం దారి, ఎక్కువసార్లు పైనున్న ఎల్‌4-ఎల్‌5 డిస్క్‌కు సంబంధించింది. నడుములో జారే డిస్కుల్లో అత్యధిక భాగం ఈ రెండు చోట్లవే.

ఇంట్లో ఒక పని చేయండి. గోడ పట్టుకుని ఎడమ కాలి మునివేళ్ల మీద ఒంటికాలితో లేవండి, ఒకటికి పదిసార్లు. కుడి కాలితోనూ అలాగే చేయండి. ఎడమ వైపు మడమ పైకి లేవకపోయినా, ముందే అలసిపోయినా ఎస్‌1 నరం బలం తగ్గుతోందని అర్థం. అప్పుడు వేచి చూడటానికి గడువు తగ్గిపోతుంది, అదే వారంలో డాక్టర్‌కు చూపించాలి. బలం బాగానే ఉండి బాధ నొప్పి వరకే అయితే నిర్ణయం మీ చేతిలో ఉంది.

ఎక్స్‌ట్రూజన్ అన్న మాటకు చాలామంది హడలిపోతారు. డిస్క్ మధ్యలో ఉండే మెత్తటి గుజ్జు చుట్టూ ఉన్న గట్టి పొరను చీల్చుకుని బయటికి వచ్చిందని దాని అర్థం. వినడానికి భయంగానే ఉంటుంది. కానీ అలా బయటపడ్డ గుజ్జే బాగా కరుగుతుంది. లోపల ఉన్నంతసేపు దానికి రక్తప్రసరణ అందదు. బయటికి రాగానే శరీరం దాన్ని పరాయి పదార్థంగా చూసి, రక్షక కణాలను పంపి, కొద్దికొద్దిగా తినేస్తుంది. ఎన్నో అధ్యయనాలను కలిపి 2015లో వేసిన లెక్కలో, పూర్తిగా తెగి విడిపోయిన ముక్కల్లో 96 శాతం, ఎక్స్‌ట్రూజన్లలో 70 శాతం వాటంతటవే తగ్గాయి. కేవలం ఉబ్బిన డిస్కుల్లో మాత్రం 13 శాతమే తగ్గాయి. రిపోర్టులో ఎంత పెద్ద మాట ఉంటే అంత త్వరగా ఆపరేషన్ చేయించుకోవాలన్నది నిజం కాదు.

సరిగ్గా మీలాంటి వాళ్ల మీదే నెదర్లాండ్స్‌లో ఒక అధ్యయనం చేసి 2007లో ప్రచురించారు. ఆరు నుంచి పన్నెండు వారాలుగా కాలు లాగుతున్న 283 మందిని రెండు బృందాలు చేశారు. ఒక బృందానికి త్వరగా ఆపరేషన్, రెండో బృందానికి మందులు, ఓపిక. ఏడాది తిరిగేసరికి రెండు వైపులా 95 శాతం మంది కోలుకున్నామని చెప్పారు. తేడా ఎక్కడంటే, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు నొప్పి చాలా ముందుగా తగ్గింది. ఆగినవాళ్లలో 39 శాతం మంది మధ్యలో తట్టుకోలేక ఆపరేషన్‌కు వచ్చేశారు. కాబట్టి ఇక్కడ ఆపరేషన్‌తో మీరు సంపాదించేది ముఖ్యంగా సమయం. నొప్పి లేని నెలలు, నిద్రపోయే రాత్రులు. అది చిన్న విషయమని నేను అనను. నిద్ర లేకుండా తొమ్మిది వారాలు గడిపిన మనిషికి 'ఇంకో మూడు నెలలు ఓర్చుకోండి' అని చెప్పడం తేలిక, ఓర్చుకోవడం కష్టం.

ఆగేట్లయితే మంచం మీద పడుకుని ఆగకండి, దానివల్ల నష్టమే. నడవగలిగినంత నడవండి. వంగి ఎత్తే పనులు మానండి. పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకుంటే కొందరికి కాస్త నిద్ర పడుతుంది. నరం పక్కన ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి కూడా డాక్టర్‌ను అడగండి. అది డిస్క్‌ను కరిగించదు. వాపు తగ్గించి కొన్ని వారాలు ఊరట ఇస్తుంది. కొందరికి ఆ కొన్ని వారాలే గట్టెక్కడానికి సరిపోతాయి. అలా కాకుండా నొప్పి వారం వారం పెరుగుతున్నా, ఇంకో మూడు నాలుగు వారాలకు ఏ మార్పూ లేకపోయినా ఆపరేషన్‌కు వెళ్లడంలో తప్పేమీ లేదు. అయితే ఏళ్లూ పూళ్లూ నానబెట్టడం కూడా మంచిది కాదు. చాలా కాలం నొక్కుకుపోయి ఉన్న నరం, విడిపించాక కూడా అంత బాగా కోలుకోదు.

ఇక ఎండోస్కోపీ సంగతి. చర్మం మీద 7, 8 మిల్లీమీటర్ల గాటు పెడతారు. ఎక్స్‌రే తెరమీద చూసుకుంటూ ముందు సూది, దాని మీదుగా తీగ, తీగ మీదుగా ఒకదాని తర్వాత ఒకటి కాస్త లావుపాటి గొట్టాలు దించుతారు. కండను కోయరు, దాని పోగులను పక్కకు జరుపుతారు. చివరి గొట్టంలోంచి ఎండోస్కోప్ వెళ్తుంది. వేలంత లావు కూడా ఉండని ఆ కడ్డీలోనే కెమెరా, దీపం, నీళ్ల దారి, పనిముట్టు వెళ్లే దారి అన్నీ ఉంటాయి. సెలైన్ ఆపకుండా పారుతూ ఉంటుంది కాబట్టి రక్తం కొట్టుకుపోయి నరం తెరమీద తెల్లగా, స్పష్టంగా కనిపిస్తుంది. నరాన్ని నొక్కుతున్న ముక్కను సన్నటి పట్టకారుతో లాగేస్తారు. డిస్క్ మొత్తం తీసెయ్యరు, జారిన ముక్కనూ లోపల వదులుగా ఉన్నదాన్నీ మాత్రమే తీస్తారు. నరం స్వేచ్ఛగా కదులుతోందని చూసుకుని బయటికి వస్తారు. ఒక కుట్టు, చిన్న ప్లాస్టర్.

లోపలికి వెళ్లడానికి రెండు దారులున్నాయి. నడుముకు పక్క నుంచి, నరం బయటికి వచ్చే రంధ్రం గుండా వెళ్లేది ఒకటి. వెన్నుకు మధ్యగా, రెండు పూసల వెనక పలకల సందులోంచి వెళ్లేది రెండోది. మీది ఎల్‌5-ఎస్‌1. అక్కడ తుంటి ఎముక అంచు పక్కదారికి అడ్డం వస్తుంటుంది, ఆ ఎముక ఎత్తుగా ఉన్నవాళ్లలో మరీ ఎక్కువ. అదృష్టవశాత్తూ ఆ చోట వెనక సందు వెడల్పుగా ఉంటుంది. అందుకే చాలామంది సర్జన్లు ఎల్‌5-ఎస్‌1కు వెనక దారి ఎంచుకుంటారు. మీ డాక్టర్‌ను 'ఏ దారిలో వెళ్తారు, ఎందుకు?' అని అడగండి. మీ ఎక్స్‌రే చూపిస్తూ జవాబు చెప్పేవారైతే మీరు మంచి చేతుల్లో ఉన్నట్టే.

మైక్రోస్కోప్‌తో పోలిస్తే ఏది గొప్పది? జారిన డిస్క్ నరాన్ని నొక్కడం వల్లే కాలు లాగుతుందని 1934లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు అమెరికన్ సర్జన్లు ప్రపంచానికి చూపించారు. అప్పట్లో వెనక ఎముక చాలావరకు తీసేసి చేసేవారు. 1970ల చివర్లో మైక్రోస్కోప్ వచ్చి గాటు రెండు మూడు సెంటీమీటర్లకు తగ్గింది. అదే దశకంలో జపాన్‌లో హిజికాటా, అమెరికాలో కాంబిన్ చర్మం గుండా సన్నటి గొట్టంతో డిస్క్‌ను చేరడం మొదలుపెట్టారు. పక్కదారిలో నరానికి తగలకుండా వెళ్లగలిగే చోటును ఈనాటికీ కాంబిన్ త్రికోణం అనే పిలుస్తాం. అంటే ఎండోస్కోపీ నిన్న పుట్టిన వింత కాదు. 2022లో నెదర్లాండ్స్ నుంచే వచ్చిన ఇంకో అధ్యయనంలో 613 మందిని తీసుకుని పక్కదారి ఎండోస్కోపీనీ మైక్రోస్కోప్ పద్ధతినీ పోల్చారు. ఏడాది తర్వాత కాలి నొప్పి తగ్గడంలో ఎండోస్కోపీ తీసిపోలేదు, కాస్త మెరుగ్గానే ఉంది, తేడా మాత్రం చిన్నదే.

నేను రెండు పద్ధతుల్లోనూ చేస్తాను. మీకు నిజాయితీగా చెప్పాలంటే, నరానికి కావలసింది తనను నొక్కుతున్న ముక్క పోవడం. పైన గాటు 8 మిల్లీమీటర్లా, 25 మిల్లీమీటర్లా అన్నది దానికి తెలియదు. చిన్న గాటుతో కండకు దెబ్బ తక్కువ, రక్తం పోయేది తక్కువ, ఇన్ఫెక్షన్ భయం తక్కువ, లేచి నడవడం త్వరగా. ఇవన్నీ నిజమైన లాభాలే, వీలైన చోట నేనూ అదే ఎంచుకుంటాను. కానీ ఎండోస్కోపీ నేర్చుకోవడానికి సమయం పట్టే విద్య. ముక్క లోపల మిగిలిపోవడం, నరం చుట్టూ ఉండే పొర చిరగడం లాంటివి చేయి తిరగని దశలో ఎక్కువ జరుగుతాయి. మీ ఊళ్లో మైక్రోస్కోప్‌తో ఏళ్ల తరబడి బాగా చేస్తున్న సర్జన్ ఉంటే, కొత్తగా ఎండోస్కోపీ మొదలుపెట్టినవారి కంటే ఆయన దగ్గరికే వెళ్లమంటాను. 'ఎండోస్కోపీతో ఇలాంటివి ఎన్ని చేశారు? మధ్యలో కుదరకపోతే ఏం చేస్తారు?' అని అడగడానికి మొహమాటపడకండి. మంచి సర్జన్‌కు ఆ ప్రశ్న నచ్చుతుంది. 'నూటికి నూరు శాతం గ్యారంటీ' అనే మాట వినపడితే మాత్రం ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి. లేజర్ అన్న పేరు వేరు, ఎండోస్కోపీ వేరు. రెండింటినీ కలిపేసి చెబుతుంటే, కెమెరాతో నరాన్ని చూసి ముక్క తీస్తారా లేదా అన్నది స్పష్టంగా అడగండి.

ప్రశ్న: నా వయసు 52. రెండేళ్లుగా నడుము పట్టేస్తోంది, ముఖ్యంగా పొద్దున్న లేవగానే. కాళ్లలో ఏ బాధా లేదు. ఎంఆర్‌ఐలో మూడు డిస్కులు బల్జ్ అయ్యాయని (ఉబ్బాయని), అరిగాయని ఉంది. ఎండోస్కోపీతో మూడూ ఒకేసారి బాగు చేయించుకోవచ్చా?

జవాబు: వద్దండి. ఎండోస్కోపీతో డిస్క్ ముక్క తీసేది ప్రధానంగా కాలి నొప్పి కోసం. కాలికి ఏమీ లేనప్పుడు తీయాల్సిన ముక్కే లేదు. ఏ నొప్పీ లేని మామూలు మనుషుల స్కాన్లను పరిశీలిస్తే ఇరవై ఏళ్ల వారిలోనే 30 శాతం మందికి, ఎనభై ఏళ్ల వారిలో 84 శాతం మందికి డిస్క్ బల్జ్ కనిపించిందని 2015లో వచ్చిన ఒక సమీక్ష చెబుతోంది. జుట్టు నెరిసినట్టే డిస్కులూ వయసుతో మారతాయి. మీ నడుముకు కావలసింది ఫిజియోథెరపిస్ట్ పర్యవేక్షణలో వెన్ను, పొట్ట కండరాలకు బలం, బరువు ఎక్కువుంటే తగ్గడం, పొగ అలవాటుంటే మానడం. పొద్దున్న బిగుతు అరగంటకు మించి ఉండి, కదిలేకొద్దీ తగ్గుతూ, విశ్రాంతిలో పెరుగుతుంటే, లేదా చిన్న వయసులోనే మొదలై ఉంటే కీళ్లవాతం డాక్టర్‌కు ఒకసారి చూపించండి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా వదలని నొప్పి ఉంటే వెంటనే పరీక్షలు అవసరం.

ప్రశ్న: నాకు వచ్చే నెల ఎల్‌4-ఎల్‌5కు ఎండోస్కోపీ ఆపరేషన్. పూర్తి మత్తు ఇవ్వరట, మెలకువగానే ఉండాలట. వెన్ను మీద పని చేస్తుంటే నాకు తెలుస్తుందా? మధ్యలో కదిలితే కాలు పడిపోతుందా? చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ తలుచుకుంటేనే చెమటలు పడుతున్నాయి.

జవాబు: సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఈ భయం రోజూ వింటుంటాను, ఆపరేషన్ గది గురించి ముందే తెలిస్తే అది చాలావరకు తగ్గుతుంది.

పక్కదారిలో చేసేటప్పుడు చర్మానికి, లోపలి కండకు, ఎముక అంచుకు మత్తు ఇంజెక్షన్లు ఇస్తారు. చేతి నరంలోకి మందు ఇచ్చి, మాట్లాడిస్తే పలికేంత మగతలో ఉంచుతారు. మత్తు డాక్టర్ మొదటి నుంచి చివరిదాకా మీ తల దగ్గరే ఉంటారు. వెన్నులోని నరానికి మాత్రం కావాలనే మత్తు ఇవ్వరు. పనిముట్టు నరానికి మరీ దగ్గరైతే మీ కాల్లోకి జివ్వుమని తెలుస్తుంది, మీరు చెబుతారు, సర్జన్ చేయి ఆపుతారు. మెలకువగా ఉంచడంలో ఉన్న మేలు అదే, మీ మాటే నరానికి కాపలా. అందుకని ఓర్చుకుని పళ్లు బిగపట్టకండి. 'కాల్లోకి కొడుతోంది' అని వెంటనే చెప్పండి. ఎక్కడ కొడుతోందో కూడా చెప్పండి: తొడా, పిక్కా, పాదమా.

గొట్టాలు దించేటప్పుడు ఒత్తిడి తెలుస్తుంది. డిస్క్ పొరను తాకినప్పుడు మీకు అలవాటైన నడుము నొప్పే కాసేపు రావచ్చు, అది దాటిపోతుంది. నీళ్లు పారే చప్పుడు, ఎముక అంచు కాస్త చెక్కాల్సి వస్తే డ్రిల్ మోత వినపడతాయి. గంట అటూ ఇటూగా బోర్లా పడుకోవాలి. దగ్గు వస్తున్నా, చేయి తిమ్మిరెక్కినా ముందే చెబితే పనిముట్టు వెనక్కి తీసుకుని మిమ్మల్ని సర్దుకోనిస్తారు. కాస్త కదిలినంత మాత్రాన కాలు పడిపోదు. మెడ పట్టేసినట్టు, తల బరువెక్కినట్టు ఉంటే మాత్రం ఆగకుండా చెప్పండి, లోపల నీళ్ల ఒత్తిడి ఎక్కువైందేమో చూసి తగ్గిస్తారు.

బోర్లా పడుకోలేనివాళ్లకు, ఊపిరి ఆడని జబ్బులున్నవాళ్లకు, ఎంత చెప్పినా భయం తీరనివాళ్లకు పూర్తి మత్తుతోనో, వెన్నుకు ఇచ్చే మత్తుతోనో చేయవచ్చు. వెనక దారిలో చేసేవి చాలావరకు అలాగే చేస్తారు. ఆపరేషన్‌కు ముందురోజు మత్తు డాక్టర్ వచ్చినప్పుడు మీ చెమటల సంగతి దాచకుండా చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు, షుగర్ మందులు వాడుతుంటే ఆ చీటీ కూడా చూపించండి. వాటిని ఎప్పుడు ఆపాలో, ఆపాలో వద్దో కూడా వాళ్లే చెప్పాలి, మీరుగా ఆపకండి.

ప్రశ్న: మా అమ్మకు 71. కాసేపు నడిస్తే రెండు కాళ్లూ బరువెక్కి, తిమ్మిరెక్కి ఆగిపోతుంది. ముందుకు వంగినా, కూర్చున్నా తగ్గుతుంది. ఈ వయసులో ఎండోస్కోపీ కుదురుతుందా?

జవాబు: బాబూ, మీరు రాసింది డిస్క్ జారడం కంటే నరాల దారి ఇరుకవడంలా ఉంది. ఏళ్ల తరబడి ఎముక, లిగమెంట్ దళసరెక్కి దారిని మూసేస్తాయి. ఇందులో పట్టకారుతో తీసేసే ముక్క ఉండదు, దళసరి భాగాన్ని చెక్కి దారి వెడల్పు చేయాలి. అది కూడా ఇప్పుడు ఎండోస్కోపీతో చేస్తున్నారు, ముఖ్యంగా రెండు చిన్న గాట్లు పెట్టి ఒకదాంట్లో కెమెరా, ఇంకోదాంట్లో పనిముట్టు పెట్టే పద్ధతిలో. వయసు అడ్డం కాదు. పూస మీద పూస జారుతోందా అన్నది మాత్రం వంగి, వెనక్కి వాలి తీసే ఎక్స్‌రేల్లో చూడాలి. బాగా కదులుతుంటే దారి వెడల్పు చేయడం ఒక్కటే సరిపోకపోవచ్చు, స్క్రూలతో బిగించాల్సి రావచ్చు. ఆమె కాళ్లలో రక్తనాళాలను కూడా ఒకసారి పరీక్ష చేయించండి. అక్కడ అడ్డుపడినా నడిస్తే ఇలాగే ఆగిపోతారు.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, కంప్యూటర్ ముందు పని. మూడు వారాల కిందట ఎల్‌4-ఎల్‌5కు పక్క నుంచి ఎండోస్కోపీ చేశారు. కాలి నొప్పి ఆ సాయంత్రానికే మాయమైంది. ఆరో రోజు నుంచి మోకాలి కింద లోపలి వైపు మంటగా, గుడ్డ తగిలినా ఓర్చుకోలేనట్టు ఉంది. పాదం పైన మొద్దుదనం అలాగే ఉంది. మళ్లీ జారిందా? ఇంట్లోవాళ్లు మూడు నెలలు మంచం దిగొద్దంటున్నారు. నేనేమో ఆఫీసుకు, జిమ్‌కు ఎప్పుడు వెళ్లాలా అని చూస్తున్నాను.

జవాబు: మీరు చెప్పిన మంట, మొద్దుదనం రెండూ రెండు వేర్వేరు నరాలవి. పాదం పైన మొద్దుదనం ఎల్‌5ది, అంటే డిస్క్ నొక్కిన పాత నరానిది. మోకాలి కింద లోపలి వైపు మంట ఎల్‌4ది. పక్కదారిలో ఎండోస్కోప్ వెళ్లేది సరిగ్గా ఆ ఎల్‌4 నరం పక్క నుంచే. అది కాస్త కందితే ఇలా కొన్ని రోజుల తర్వాత మంట మొదలవుతుంది. పక్కదారి ఎండోస్కోపీలో తెలిసిన ఇబ్బందే ఇది, ముందే చెప్పి ఉండాల్సింది. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, నరాల మంటకు ఇచ్చే మాత్రలతో ఇంకాస్త తేలికపడుతుంది. మళ్లీ జారితే లక్షణాలు వేరు: పాత నొప్పే, పాత దారిలోనే, ఒక్కసారిగా తిరిగొస్తుంది.

కోలుకోవడానికి ఒక వరస ఉంది. ముందు నొప్పి పోతుంది, తర్వాత బలం వస్తుంది, మొద్దుదనం అన్నిటికంటే చివర పోతుంది. దానికి నెలలు పట్టవచ్చు, కొందరికి కొంచెం మిగిలిపోవచ్చు కూడా. రోజూ నొక్కి చూసుకుంటూ కూర్చోకండి, నెలకోసారి చూసుకుంటే మార్పు తెలుస్తుంది.

మళ్లీ జారే అవకాశం ఉందా అంటే, ఉంది. డిస్క్ పొరకు పడ్డ చిల్లును మేం కుట్టం, అది మచ్చకట్టి మానాల్సిందే. 2008లో జర్మనీ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో రెండేళ్లలో 6.2 శాతం మందికి మళ్లీ జారింది. ఎండోస్కోపీకీ మైక్రోస్కోప్‌కూ ఇందులో తేడా కనిపించలేదు. చిన్న గాటుతో చేశారు కాబట్టి లోపల కూడా త్వరగా మానుతుందని మీ వయసువాళ్లు అనుకుంటారు. నాకు అన్నిటికంటే దిగులు కలిగించేది ఇదే. పైన కుట్టు మానడం వారం పది రోజుల పని, లోపలి పొరకు వారాలూ నెలలూ కావాలి. నొప్పి లేదు కదా అని నాలుగో వారంలో బరువులెత్తి, మళ్లీ మొదటికి వచ్చినవాళ్లను చూశాను.

మంచం మీద మూడు నెలలు వద్దు, ఇంట్లోవాళ్లకు ఈ పేజీ చూపించండి. రోజూ నడవండి, దూరం మెల్లగా పెంచండి. కూర్చుంటే అరగంటకోసారి లేవండి. ఆఫీసుకు మీ సర్జన్ సరేనంటే ఇప్పుడే సగం రోజులతో మొదలుపెట్టవచ్చు, లేచి నిలబడి పనిచేసే వీలుంటే ఇంకా మంచిది. ఆరు వారాలు నిండేదాకా ఐదు కిలోలకు మించి ఎత్తొద్దు, నడుము వంచి మెలితిప్పొద్దు, గతుకుల్లో బైక్ నడపొద్దు. నడుము బెల్టు దూర ప్రయాణానికి పెట్టుకుంటే పెట్టుకోండి, రోజంతా వద్దు. ఫిజియోథెరపీ ఆరో వారం నుంచి గట్టిగా. జిమ్‌లో బరువులు మూడు నెలల తర్వాతే, నేల మీది నుంచి బరువు ఎత్తే వ్యాయామం అన్నిటికంటే చివర. సిగరెట్ అలవాటుంటే ఈ ఆపరేషన్‌నే సాకు చేసుకుని మానేయండి, పొర మానడానికి అది నిజంగా అడ్డం.

జ్వరం, గాటు దగ్గర చీము, నిలబడితే వచ్చి పడుకుంటే తగ్గే తలనొప్పి, గాటులోంచి నీళ్లలాంటి ఊట, పాదం పైకి లేపలేకపోవడం, రోజురోజుకూ పెరిగే నడుము నొప్పి: వీటిలో ఏది వచ్చినా రివ్యూ తేదీ కోసం ఆగకుండా ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లండి. మంట ఒక్కటే అయితే రేపు ఫోన్ చేసి, ఎల్‌4 దారిలో మంట అని చెప్పి మందు రాయించుకోండి. ఆపరేషన్ నోట్స్, వీడియో ఉంటే వాటి కాపీ అడిగి దగ్గర పెట్టుకోండి. ఎప్పుడైనా వేరే డాక్టర్‌కు చూపించాల్సి వస్తే అవి పనికొస్తాయి.